జాజ్‌లో మఖామ్ వెతికిన బాస్ వాద్యకారుడు అహ్మద్ అబ్దుల్ మాలిక్

పాలమూరు, నల్లగొండ వైపు పెళ్లి బరాత్ బయల్దేరిందంటే చాలా చోట్ల మర్ఫా దరువు ఉండాల్సిందే. యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాం ఫౌజులో నౌకరీ చేస్తూ దక్కన్‌లో స్థిరపడ్డప్పుడు వెంట తెచ్చుకున్న వాయిద్యం అది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ బస్తీకి పేరిచ్చిన ఆఫ్రికన్ గుర్రపు దళం మొదట వనపర్తి సంస్థానానిది. వనపర్తి రాజా దాన్ని నిజాంకు నజరానాగా ఇచ్చాడు. అరబ్బుల తాళం, ఆఫ్రికా అడుగు, తెలంగాణ గల్లీ ఇట్లా ఒక్కచోట చేరాయి. ఎవరూ పనిగట్టుకొని కలపలేదు. పక్కపక్కన బతికితే అవే కలిశాయి.

అట్లాంటి కలయికనే న్యూయార్క్‌లో ఒక మనిషి పట్టుబట్టి సాధించాలని చూశాడు. ఆయన పేరు అహ్మద్ అబ్దుల్ మాలిక్. జాజ్ సంగీతంలో డబుల్ బాస్ వాయించాడు, అరబ్బుల ఊద్‌ను జాజ్‌లోకి తెచ్చిన తొలివాళ్ళలో ఒకడయ్యాడు. ఆయన గతించి మూడు దశాబ్దాలు దాటింది. జాజ్ రికార్డులు సేకరించేవాళ్ళకు ఆయన పేరు బాగా తెలుసు, మన ఇళ్ళల్లో మాత్రం వినపడదు.

ఊద్ అనగానే మన ఇళ్ళల్లో గుర్తొచ్చేది జుమ్మా రోజు వేసే ఊదు పొగ. రెండింటికీ అరబీలో మాట ఒకటే, అర్థం కట్టె. సువాసన ఇచ్చే కట్టె ఒక ఊద్ అయితే, కట్టెతో చేసిన పొట్టి మెడ తీగల వాయిద్యం ఇంకో ఊద్.

బ్రూక్లిన్ గల్లీల్లో

అబ్దుల్ మాలిక్ 1927 జనవరి 30న న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జొనాథన్ టిమ్. వాళ్ళు కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ అనే చిన్న దీవి నుంచి బతుకుదెరువు కోసం అమెరికా వచ్చినవాళ్ళు. దుబాయికో, జిద్దాకో పోయిన కొడుకులున్న ఇళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏడేళ్ళ వయసులో వయొలిన్ చేతికొచ్చింది. వార్డీ కన్సర్వేటరీ అనే సంగీత పాఠశాలలో వయొలిన్‌తో మొదలుపెట్టి పియానో, చెల్లో, బాస్, ట్యూబా దాకా నేర్చుకున్నాడు. తర్వాత ఫ్రాంక్లిన్ స్కీట్ అనే బాస్ వాద్యకారుడి దగ్గర కూర్చున్నాడు. హార్లెమ్‌లో సంగీతం, కళల కోసం 1936లో పెట్టిన ప్రత్యేక హైస్కూలు ఒకటి ఉంది. అందులో చేరి, వయొలిన్, వియోలా వాయించే నేర్పుతో నగరంలోని స్కూళ్ళన్నిటి నుంచి ఏరి కట్టిన ఆర్కెస్ట్రాలో చోటు సంపాదించాడు. ఆ వయసుకు అది చిన్న విషయం కాదు.

ఇదంతా యూరప్ శాస్త్రీయ తాలీమ్. స్వరలిపి చూసి తప్పు లేకుండా వాయించాలి, కమాను ఏ దిక్కుకు లాగాలో ముందే తేల్చుకోవాలి, పక్కన కూర్చున్న పది మందితో ఒక్క శబ్దంగా కలిసిపోవాలి.

రెండో బడికి మాత్రం రిజిస్టరు లేదు, ఫీజు లేదు. 1940ల్లో సొరంగ మార్గం కట్టడం కోసం మాన్‌హాటన్‌లోని పాత అరబ్బు బస్తీ ఇళ్ళు కూల్చేస్తే, అక్కడి సిరియా, లెబనాన్ కుటుంబాలు చాలా వరకు బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ అవెన్యూ వైపు వచ్చాయి. ఆ గల్లీల్లో ఖానూన్, ఊద్, దర్బుకా మోగేవి. అబ్దుల్ మాలిక్ అక్కడ గంటలకొద్దీ గడిపాడు. ఆయన చిన్ననాటి దోస్తు రాండీ వెస్టన్ తర్వాత పెద్ద పియానో విద్వాంసుడయ్యాడు. అరబ్బు సంగీతం వినిపించడానికి తనను ఆ వీధికి తీసుకుపోయింది అబ్దుల్ మాలికేనని వెస్టన్ చివరిదాకా చెప్పుకున్నాడు. ఇద్దరూ కుర్రతనంలో ఆ పావు స్వరాలను డాన్సు బ్యాండ్లలో వాయించాలని చూస్తే బ్యాండ్ పెద్దలకు కోపం వచ్చేదట. పాపం వాళ్ళ తప్పూ లేదు. పక్కవాడు ఒక స్వరం, వీడు దానికీ దీనికీ నడుమ ఇంకో స్వరం పలికిస్తే అపశ్రుతి అనే అనుకుంటారు.

యవ్వనంలోనే ఆయన ఇస్లాం స్వీకరించాడు, పేరు మార్చుకున్నాడు, అరబీ నేర్చుకున్నాడు. ఆ తరంలో ఇది ఒక్కడి కథ కాదు. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, యూసుఫ్ లతీఫ్, అహ్మద్ జమాల్, సాహిబ్ షిహాబ్, ఇద్రీస్ సులేమాన్, ఇట్లా ఎందరో నల్లజాతి జాజ్ కళాకారులు ఇస్లాం వైపు వచ్చారు. వాళ్ళలో చాలామందికి దీన్ మొదట పరిచయమైంది పంజాబ్ నుంచి వెళ్ళిన అహ్మదియా ప్రచారకుల ద్వారా. మన ఉలమా ఆ జమాత్‌ను ఒప్పుకోరు. అయినా చరిత్ర చెప్పేటప్పుడు ఆ సంగతి దాటేసి పోలేం. చర్మం రంగు చూసి హోటల్ తలుపు వేసేసే దేశంలో, ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడే నమాజ్ ఆ యువకులకు ఎట్లా కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

తలుపు మూసిన ఆర్కెస్ట్రా

ఇంత శాస్త్రీయ శిక్షణ ఉన్నవాడు సింఫనీ ఆర్కెస్ట్రాలోకి ఎందుకు పోలేదనే ప్రశ్న వస్తుంది. ఆ రోజుల్లో అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలు నల్లవాళ్ళను తీసుకునేవి కావు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో మొదటి నల్లజాతి సభ్యుడు, వయొలిన్ వాద్యకారుడు సాన్‌ఫోర్డ్ అలెన్ చేరింది 1962లో. అప్పటికి అబ్దుల్ మాలిక్‌కు ముప్పై అయిదేళ్ళు.

బాస్‌కు ముందు చెల్లో వాయించిన చార్లెస్ మింగస్, అదే ఫిల్హార్మోనిక్‌లో పనిచేసి వచ్చిన హెర్మన్ రైన్‌షాగెన్ దగ్గర ఏళ్ళ తరబడి బాస్ నేర్చుకొని జాజ్‌లో మహావృక్షమయ్యాడు. రాన్ కార్టర్ ఈస్ట్‌మన్ స్కూల్‌లో 1959లో పట్టా పుచ్చుకొని, ఆర్కెస్ట్రాలో తన రంగుకు చోటు లేదని తెలిసి జాజ్‌కు వచ్చాడు. జాజ్ బాస్ ఇరవయ్యో శతాబ్దం నడుమ అంత ఎత్తుకు పోవడానికి ఇది పెద్ద కారణం. ఆర్కెస్ట్రాలు వద్దన్న చేతులు జాజ్‌కు దొరికాయి. అన్యాయం వల్ల మంచి జరిగిందని మురిసిపోవాల్సిన పని లేదు. ఇద్దరు ముగ్గురి పేర్లు మనకు తెలిశాయి. తలుపు దగ్గరే ఆగిపోయి వేరే పని వెతుక్కున్న వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

మెట్లు లేని మెడ

డబుల్ బాస్ వయొలిన్ కుటుంబంలో అందరికన్నా పెద్దది. నిలబెడితే మనిషి ఎత్తు. నాలుగు తీగలు. వయొలిన్ తీగల మధ్య దూరం స–ప అయితే, బాస్ తీగల మధ్య దూరం స–మ. సితార్‌కు ఉన్నట్టు మెట్లు ఉండవు. వేలు ఎక్కడ పెడితే అక్కడే స్వరం. వెంట్రుకవాసి పక్కకు పోతే శ్రుతి పోయినట్టే.

కొలతలు చూస్తే సంగతి ఇంకా తెలుస్తుంది. వయొలిన్ తీగ మోగే పొడవు దాదాపు 33 సెంటీమీటర్లు. బాస్ తీగ సుమారు 105. మెడ పైకొసన మొదటి అర స్వరానికి వయొలిన్ మీద వేలు రెండు సెంటీమీటర్ల లోపే జరుగుతుంది. బాస్ మీద దాదాపు ఆరు సెంటీమీటర్లు జరగాలి. అందుకే బాస్ నేర్చుకునేవాడికి చెయ్యి సాగదు, మణికట్టు నొప్పి పడుతుంది. ప్రాగ్‌లో చదివి వియన్నాలో పనిచేసిన ఫ్రాంట్స్ సిమాండ్ల్ అనే గురువు 19వ శతాబ్దంలో దీనికి ఒక పద్ధతి రాసిపెట్టాడు. కింది స్థానాల్లో చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు మాత్రమే పనిచేస్తాయి. ఉంగరం వేలు చిటికెన వేలికి ఆసరా. చూపుడు వేలికీ చిటికెన వేలికీ నడుమ ఒక పూర్తి స్వరం దూరం, అంతకన్నా సాగదీయొద్దు. దూరం కావాలంటే చెయ్యి మొత్తం జరపాలి. ఇట్లా మెడను స్థానాలుగా విడగొట్టి, ఒక్కో స్థానాన్ని రోజుల తరబడి రుద్దిస్తారు. ఇప్పటికీ బాస్ విద్యార్థులు చాలామంది ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు.

జాజ్‌లో బాస్ ఎక్కువగా వేళ్ళతో మీటుతారు. కమాను పక్కన పెట్టేస్తారు. మరి మీటేవాడికి కమాను సాధన ఎందుకు? మీటిన శబ్దం పుట్టి కాసేపట్లో సన్నగిల్లుతుంది. స్వరం కొంచెం తప్పినా డ్రమ్ముల చప్పుడులో కలిసిపోతుంది, వాయించినవాడికే తెలియదు. కమానుతో లాగితే అదే స్వరం చాలాసేపు నిలబడుతుంది, తప్పుంటే చెవి ముందు నిలదీస్తుంది. మన ఉస్తాద్‌లు పొద్దున్నే ఖరజ్ పట్టించి ఒక్క షడ్జమాన్నే గంటసేపు పాడించేది ఇందుకే. కమానుతో సరిచేసుకున్న వేలు మీటేటప్పుడు కూడా సరైన చోటే పడుతుంది. చెయ్యి బరువును భుజం నుంచి వాడుకోవడం కూడా ఆ శిక్షణలోనే వస్తుంది. 1950ల్లో పేగు తీగలే ఎక్కువ, బాస్‌కు మైకు, యాంప్లిఫయర్ ఉండటం అరుదు. సిగరెట్ పొగ, గ్లాసుల చప్పుడు నిండిన గదిలో చివరి బల్లదాకా వినపడాలంటే వేళ్ళ బలం ఒక్కటీ సరిపోదు, రాత్రికి రెండు మూడు విడతలు వాయిస్తే బొబ్బలెక్కుతాయి.

మెట్లు లేకపోవడంలో ఇంకో సంగతి ఉంది, అబ్దుల్ మాలిక్ కథకు కీలకం అదే. పియానోలో ప్రతి స్వరానికి ఒక మీట. రెండు మీటల నడుమ ఉన్న స్వరం పియానోలో లేదు, అందుకే వెస్టన్ అంత తిప్పలు పడ్డాడు. అరబ్బుల మఖామ్‌లలో ఆ నడిమి స్వరాలే ప్రాణం. బాస్ మెడ మీద ఆ పావు స్వరానికి మొదటి స్థానంలో మూడు సెంటీమీటర్ల చోటు ఉంది. అర స్వరం ఎక్కడుందో కళ్ళు మూసుకొని పట్టగలిగే చేతికే దాని సగం దూరం దొరుకుతుంది. అది తెలియని చెయ్యి పావు స్వరం వాయిస్తే వినేవాడికి తప్పుగానే వినిపిస్తుంది. ఊద్‌కూ మెట్లు ఉండవు. ఏడేళ్ళ వయసులో వయొలిన్ మీద పట్టిన చెవి, బాస్ మీద గట్టిపడ్డ వేలు, రెండూ ఊద్ దగ్గర అక్కరకొచ్చాయి. శాస్త్రీయ శిక్షణ మనిషిని గిరి గీసి కూర్చోబెడుతుందని జాజ్ లోకంలో ఒక మాట ఉండేది. ఈయన విషయంలో మాత్రం ఆ గిరి ఎక్కడుందో తెలియడం వల్లే దాటే దారి తెలిసింది.

మంక్ పక్కన

1940ల నడుమ నుంచే ఆర్ట్ బ్లేకీ, డాన్ బయాస్ లాంటి వాళ్ళతో వాయించాడు. 1956లో వెస్టన్ బృందంతో న్యూయార్క్‌లోని కేఫే బొహీమియాలో వాయించింది రికార్డయింది. 1957లో థెలోనియస్ మంక్ పిలుపు వచ్చింది.

మంక్ పియానో వాయిస్తే వినేవాడు తడబడతాడు. వస్తుందనుకున్న చోట స్వరం రాదు, రాదనుకున్న చోట దబ్బున పడుతుంది. మధ్యలో పియానో వదిలేసి లేచి వేదిక మీద గిరగిరా తిరిగేవాడు. అప్పుడు సాక్సఫోన్ వాయిస్తున్న వాడికి కాళ్ళ కింద నేల లాగా ఉండేది బాస్ ఒక్కటే. ఆవర్తం ఎక్కడ మొదలైందో, స్వరస్థాయి ఎక్కడికి మారిందో ప్రతి మాత్రకూ చెబుతూ నడవాలి. ఆ నడకనే జాజ్ వాళ్ళు వాకింగ్ బాస్ అంటారు. అబ్దుల్ మాలిక్ నడక ఆడంబరం లేనిది. తన సోలో వంతు వచ్చినప్పుడు కూడా గొప్పలు పోయేవాడు కాదు. అందుకే కొందరు విమర్శకులు ఆయన్ను మామూలు బాస్ వాద్యకారుడిగా లెక్కగట్టారు. ఆ లెక్క సరైంది కాదనడానికి మంక్‌తో చేసిన రికార్డులే చాలు. అంత వంకర దారిలో అడుగు తప్పకుండా నడిపించడం మామూలు పని కాదు.

ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్‌లో ఆ ఏడాది మంక్ బృందం నెలల తరబడి వాయించింది. సాక్సఫోన్ జాన్ కోల్‌ట్రేన్, డ్రమ్స్ షాడో విల్సన్. మొదట్లో ఉన్న విల్బర్ వేర్ స్థానంలో అబ్దుల్ మాలిక్ వచ్చాడు. అదే నలుగురు 1957 నవంబర్ 29న కార్నెగీ హాల్లో ఒక సేవా సంస్థ నిధుల కోసం జరిగిన కచేరీలో వాయించారు. బిల్లీ హాలిడే, డిజీ గిలెస్పీ, రే చార్లెస్ కూడా ఆ రాత్రి అదే వేదిక మీద ఉన్నారు. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో ఆ కచేరీని టేపు చేసింది. తర్వాత ఆ టేపు సంగతి అందరూ మర్చిపోయారు.

1958లో కోల్‌ట్రేన్ పోయి జానీ గ్రిఫిన్ వచ్చాడు, డ్రమ్స్‌కు రాయ్ హేన్స్. ఆ ఆగస్టులో ఫైవ్ స్పాట్‌లో రికార్డు చేసిందే 'మిస్టీరియోసో', 'థెలోనియస్ ఇన్ యాక్షన్' అనే రెండు ఆల్బమ్‌లు. బాస్ విద్యార్థులకు ఇవి ఈనాటికీ పాఠాలే.

మద్యం అమ్మే క్లబ్బులో ముస్లిం వాయించడం ఏమిటని అడిగేవాళ్ళు ఉంటారు. సంగీతమే జాయజ్ కాదనే వాళ్ళూ ఉంటారు, దాని మీద ఉలమాలో అభిప్రాయ భేదాలు పాతవే. అప్పటి న్యూయార్క్‌లో నల్లజాతి వాద్యకారుడికి కూలి దొరికే చోట్లు మాత్రం ఎక్కువగా అవే.

జాజ్ సహారా

1958 అక్టోబర్‌లో రివర్‌సైడ్ కంపెనీ ఆయన సొంత పేరుతో మొదటి ఆల్బమ్ రికార్డు చేసింది, 'జాజ్ సహారా'. జానీ గ్రిఫిన్ సాక్సఫోన్, అల్ హేర్‌వుడ్ డ్రమ్స్ ఒకవైపు. ఇంకోవైపు నయీమ్ కరకంద్ వయొలిన్, జాక్ గనీమ్ ఖానూన్, మైక్ హమ్వే దర్బుకా, బిలాల్ అబ్దుర్రహ్మాన్ దఫ్. నయీమ్ కరకంద్ అలెప్పో నుంచి వచ్చిన పెద్దాయన, అమెరికా అరబ్బుల్లో దశాబ్దాలుగా పేరున్న వయొలిన్ వాద్యకారుడు. అబ్దుల్ మాలిక్ ఒక పాటకు బాస్ పట్టాడు, ఇంకో పాటకు ఊద్ పట్టాడు. పాటల పేర్లు మనవాళ్ళకు చదవగానే అర్థమవుతాయి: 'యా అన్నాస్', 'ఇస్మా', 'ఫరహ్ అలైనా'.

వింటే ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. మామూలుగా జాజ్‌లో పియానో గానీ గిటార్ గానీ స్వరాల గుత్తులు వేస్తూ పోతుంది, సోలో వాయించేవాడు ఆ గుత్తులు మారినప్పుడల్లా తానూ మారాలి. ఇక్కడ పియానో లేదు. ఒక మఖామ్, ఒక తాళం, కింద ఆధార స్వరం. మన తంబురా శ్రుతి మీద రాగం విస్తరించినట్టే. జాజ్‌లో ఒకే స్వరశ్రేణి మీద నిలబడి వాయించే పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' వచ్చింది 1959లో. 'జాజ్ సహారా' రికార్డయింది దానికన్నా ముందు. ఈ మాట జాజ్ చరిత్రల్లో ఉండాల్సినంతగా కనిపించదు.

రెండో ఆల్బమ్ 'ఈస్ట్ మీట్స్ వెస్ట్' ఆర్‌సీఏ లాంటి పెద్ద కంపెనీ వేసింది. లీ మోర్గన్, బెన్నీ గోల్సన్, కర్టిస్ ఫుల్లర్ లాంటి ఉద్దండులు వచ్చారు. అందులో ఒక పాట పేరు 'రూహ్'. నిజం చెప్పాలంటే ఈ రికార్డులో అన్నీ ఒకే ఎత్తులో లేవు. కొన్ని చోట్ల అరబ్బు వాయిద్యాలు ఒకవైపు, జాజ్ వాళ్ళు ఒకవైపు వంతులు వేసుకొని వాయించినట్టుంటుంది. బ్రాస్ వాయిద్యాల వాళ్ళకు మఖామ్ చెవి లేదు, ఉండాలని ఆశించడమూ కష్టమే. అది ఒక రిహార్సల్‌లో అబ్బే విద్య కాదు.

1961లో చేసిన ఆల్బమ్‌లో కేలో స్కాట్ చెల్లో వాయించాడు. కమాను వాయిద్యం తోడు రాగానే కలయిక మెత్తబడింది. 1963లో చేసిన 'ఈస్టర్న్ మూడ్స్'లో ఒక పాట పేరు 'స-ర-గ యా హిందీ'. మన సరిగమల వైపు కూడా ఆయన చెవి తిరిగిందన్నమాట. అంతకుముందు 1961 నవంబర్‌లో విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో కోల్‌ట్రేన్ 'ఇండియా' అనే తన రచన వాయించినప్పుడు కొన్ని సార్లు అబ్దుల్ మాలిక్ పక్కన ఉన్నాడు. రికార్డు వివరాల్లో ఊద్ అని వేశారు, చెవికి మాత్రం అది తంబురాలా మోగుతుంది.

1964లో చేసిన 'స్పెల్‌బౌండ్' ఆయన పేరు మీద చివరి ఆల్బమ్. అందులో ఊద్‌ను హమ్జా అల్ దీన్‌కు అప్పగించి తాను బాస్‌కే పరిమితమయ్యాడు. హమ్జా నూబియా మనిషి. ఆయన ఊరు తోష్కా అస్వాన్ డ్యామ్ నీళ్ళల్లో మునిగిపోయింది. శ్రీశైలం ప్రాజెక్టుకు ఊళ్ళు పోగొట్టుకున్న కొల్లాపూర్, ఆలంపూర్ వైపు వాళ్ళకు ఆ ఊద్‌లోని దిగులు త్వరగా అందుతుంది.

సూడాన్ సంగతి

అబ్దుల్ మాలిక్ తన తండ్రి సూడాన్ దేశస్థుడని చెప్పుకున్నాడు. రికార్డు అట్టల మీద అదే అచ్చయింది, విజ్ఞాన సర్వస్వాలు అదే రాశాయి. ఆయన పోయాక చరిత్రకారుడు రాబిన్ కెల్లీ పాత పత్రాలు తిరగేసి, తల్లిదండ్రులు సెయింట్ విన్సెంట్ దీవి వాళ్ళని, అసలు పేరు జొనాథన్ టిమ్ అని తేల్చాడు. జాజ్ మీద ఆఫ్రికా ప్రభావం గురించి 2012లో వచ్చిన తన పుస్తకంలో ఈ కథ వివరంగా రాశాడు.

కొందరు దీన్ని మోసం అన్నారు. అబద్ధం అబద్ధమే, దానికి వకాల్తా అక్కర్లేదు. కానీ తాతముత్తాతల ఊరు, భాష, పేరు బానిసత్వంలో పోగొట్టుకున్న జాతిలో పుట్టినవాడు ఒక ఊరిని ఎంచుకోవడం, లాభం కోసం వేషం కట్టడం ఒకే తక్కెడలో తూచలేం. అమెరికాలో అప్పుడు అరబ్బు సంగీతం అమ్మాలంటే అమ్మేవాడు కూడా అరబ్బులా ఉండాలనే తీరు ఉండేది. హరీమ్ నాట్యాలు, ఎడారి ఒంటెల బొమ్మలు వేసిన రికార్డుల కాలం. సూడాన్ మాట ఆయనకు ఆ బజారులో చోటిచ్చింది.

జాలి కలిగించే సంగతి వేరే ఉంది. ఆయనకు ఆ మాట అవసరమే లేదు. మఖామ్ ఆయన రక్తంలో ఉందని అట్టల మీద రాసుకున్నన్నాళ్ళు, దాని కోసం పడ్డ కష్టం ఎవరికీ కనపడలేదు. వార్డీ కన్సర్వేటరీలో అరిగిన కమాను, స్కూళ్ళ ఆర్కెస్ట్రాలో నేర్చిన శ్రుతి, అట్లాంటిక్ అవెన్యూలో పరాయి పిల్లవాడిగా నిలబడి విన్న రాత్రులు, అన్నీ ఆ ఒక్క మాట కింద దాక్కున్నాయి. పుట్టుకతో వచ్చిందంటే నేర్చుకున్నదానికి విలువ తగ్గిపోతుంది. మన దగ్గర ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరంలో తంజావూరు బాణీ కోసం తమిళనాడుకు పోయి నాచియార్‌కోయిల్ సోదరుల దగ్గర శిష్యరికం చేశారు, శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. తంజావూరు ఎవరిదని ఎవరూ అడగలేదు, వాయిద్యం విన్నారు. అబ్దుల్ మాలిక్‌కు ఆ భాగ్యం బతికుండగా పూర్తిగా దక్కలేదు.

పంతులుగారు

1960ల్లో అమెరికా ప్రభుత్వం తరఫున దక్షిణ అమెరికా పర్యటనకు వెళ్ళి ఊద్ వినిపించాడు. 1972లో మొరాకోలో జరిగిన జాజ్ ఉత్సవంలో వాయించాడు. అరబ్బు నేల మీద, అరబ్బుల ముందు. అప్పటికే జీవితం చదువు చెప్పడం వైపు మళ్ళింది. 1970 నుంచి న్యూయార్క్ యూనివర్సిటీలో, తర్వాత బ్రూక్లిన్ కాలేజీలో బోధించాడు. పుట్టిన బ్రూక్లిన్‌లోనే పిల్లలకు సంగీతం చెప్పే పంతులయ్యాడు. 1984లో జాజ్ మార్గదర్శిగా బీఎంఐ సంస్థ పురస్కారం ఇచ్చింది. 1993 అక్టోబర్ 2న న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచ్‌లో కన్నుమూశాడు. వయసు అరవై ఆరు.

2005లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పాత రేడియో టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న లారీ ఆపెల్‌బామ్‌కు కార్నెగీ హాల్ పేరున్న టేపులు కనపడ్డాయి. 1957 నవంబర్ నాటి కచేరీ అది. మంక్, కోల్‌ట్రేన్, విల్సన్, అబ్దుల్ మాలిక్, నలుగురూ అప్పటికే లేరు. బ్లూ నోట్ కంపెనీ ఆ ఏడే దాన్ని విడుదల చేస్తే జాజ్ లోకమంతా ఎగబడి కొన్నది. ఇప్పుడు ఫోన్‌లో వెతికినా దొరుకుతుంది. 'మంక్స్ మూడ్' దగ్గర మొదలుపెట్టి, పియానో, సాక్సఫోన్ రెండింటినీ కాసేపు పక్కన పెట్టి కింది స్వరాన్ని పట్టుకుంటే బాస్ వినపడుతుంది. మామూలు ఫోన్ స్పీకర్‌లో ఆ స్వరం అందదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే.